ఒకే వరసలో ఇద్దరు

నా పేరు నాకంటే ముందు మా అన్నది. నడక బాగా వచ్చి, మాటలు ఇంకా పూర్తిగా రాని వయసులో వాడు జ్వరమొచ్చి పోయాడు. ఆ తర్వాత పుట్టిన నాకు అదే పేరు పెట్టారు. అది మా తాత పేరు, ఇంట్లో నిలవాలని నాయన పట్టు. పైగా ఆ పేరు మీద కొండకు తలనీలాల మొక్కు ఒకటి తీరకుండా ఉండిపోయింది. మొక్కుకున్నది అన్న జుట్టు, ఇచ్చింది నా జుట్టు. బిడ్డ పేరు సరిపోయింది, తండ్రి పేరు సరిపోయింది, ఊరు సరిపోయింది. దేవుడు అంతకు మించి ఆరా తీసినట్టు లేదు.

మా ఊరు బంగారుపాళ్యం పక్కన. నాయనకు కొంచెం మామిడి తోట ఉండేది, కాయలు గుజ్జు ఫ్యాక్టరీకి తోలేవాడు. అన్న ఫోటో ఇంట్లో లేదు. ఫోటో తీయించాలంటే చిత్తూరు స్టూడియోకి పోవాలి. కొండకు పోయి గుండు కొట్టించాక, ఆ గుండుతోనే తీయిద్దాంలే అనుకున్నారట. అలా అనుకుంటూ ఉండగానే వాడు పోయాడు.

వాడి గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడరు. కానీ అమ్మ నా పేరును రెండు రకాలుగా పిలిచేది. ఒకటి గట్టిగా, చివర 'రేయ్' తగిలించి, సగం తిట్టుగా. అది నాది. రెండోది సన్నగా, చివరి అక్షరం సాగదీసి, పని చేసుకుంటూ చేసుకుంటూ వాకిలి వైపు చూసి పిలిచేది. అది నాది కాదని నాకు చిన్నప్పుడే తెలుసు. ఎట్లా తెలిసిందంటే చెప్పలేను. ఆ పిలుపుకు నేను ఎప్పుడూ పలకలేదు. భయం వేసి కాదు, ఒళ్ళు మండి. బతికున్నవాణ్ణి ఎదురుగా ఉంటే లేనివాడికి అంత మెత్తటి గొంతు ఎందుకని కుళ్ళుకునేవాణ్ణి.

కంప్యూటర్ చదువు తిరుపతిలోనే వెలగబెట్టాను. తోటివాళ్ళంతా బెంగళూరు బస్సో చెన్నై బస్సో ఎక్కితే నేను బస్టాండు దాటి పోలేకపోయాను. రెండువేల సంవత్సరం దాటాక కొన్నేళ్ళకు, బస్టాండు ఎదుట సందులో ఒక చిన్న కంపెనీలో చేరాను. కింద లాడ్జి, పైన మేము. గుండ్లతో ఉన్న యాత్రికులు మెట్లు ఒకటి ఎక్కువ ఎక్కేసి మా తలుపు తోసి రూములు ఉన్నాయా అని అడిగేవాళ్ళు. ఉంటే బాగుండు, ఆ వ్యాపారమైనా నడిచేది అనేవాళ్ళం.

మా కంపెనీకి అన్నం పెట్టింది ఒక పిల్లల ఆసుపత్రి. అక్కడి రిజిస్ట్రేషన్ సాఫ్ట్‌వేర్ నేను చేరకముందే రాసి ఉంది. రాసినవాడు బెంగళూరు వెళ్ళిపోయాడు. వాడు రాసిందాన్ని కనిపెట్టుకుని ఉండటం నా ఉద్యోగం. కంపెనీ యజమానిని అందరం పెద్దాయన అనేవాళ్ళం. గుడి కైంకర్యాల్లో ఉన్న వైష్ణవ కుటుంబం ఆయనది. పొద్దున్నే తిరునామం దిద్దుకుని ఆఫీసుకు వచ్చి, మా అందరికంటే ముందు కంప్యూటర్ తుడుచుకుని కూర్చునేవాడు.

ఆ సాఫ్ట్‌వేర్ సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. రోగుల వివరాలు పట్టికల్లో ఉంటాయి, మనిషికి ఒక వరస చొప్పున. మేం రాసే ప్రోగ్రాముకు ఆ పట్టికల భాష పట్టదు. దానికి రోగి అంటే ఒక వస్తువు, డాక్టరు అంటే ఇంకో వస్తువు. అందుకని ఇద్దరికీ మధ్య ఒక దుబాసీని కూర్చోబెడతారు. పుస్తకాల్లో దాని పేరు ఆబ్జెక్ట్ రిలేషనల్ మ్యాపర్. నాకు మాత్రం దుబాసీయే. ఫలానా గుర్తు ఉన్న మనిషిని తీసుకురమ్మంటే పట్టికలోకి పోయి, ఆ వరసను పట్టుకుని, దానికి మనిషి ఆకారం కట్టి మన ముందు నిలబెడతాడు.

ఆ గుర్తును యూనిక్ కీ అంటారు. అంటే పట్టిక మొత్తంలో ఒక్కరికే ఉండాల్సింది. ఒక కీకి ఇద్దరు ఉండరని ముందే ఒప్పందం. దుబాసీ ఆ ఒప్పందాన్ని గుడ్డిగా నమ్ముతాడు. ఒకసారి తెచ్చాక, కాసేపటికి అదే కీతో మళ్ళీ అడిగితే పట్టిక దాకా పోయే శ్రమ కూడా పడడు, ఇందాక తెచ్చిన మనిషినే మళ్ళీ చూపిస్తాడు. కీ ఒకటైతే మనిషి ఒకరే అని వాడి లెక్క. నాకు మొదట్నుంచీ వాడి మీద ఒక రకమైన కచ్చ ఉండేది, మా నాయన మీద ఉన్నట్టే.

మామూలుగా అయితే ఓపీ చీటీ మీద ఉండే నంబరే కీ. కానీ మా వైపు జనం ఆ చీటీని మందుల షాపులో వదిలేస్తారు, లేకపోతే బస్సు టికెట్టుతో పాటు పారేస్తారు, అదీ కాకపోతే చంకలో బిడ్డే నమిలేస్తుంది. నంబరు లేకుండా వచ్చిన మనిషిని వెతికేదెట్లా? అందుకని కీలో నాలుగు మాటలు పెట్టారు. బిడ్డ పేరు, తండ్రి పేరు, ఊరు, ఆడా మగా. వయసు చేర్చలేదు. వయసు అడిగితే, గంగజాతరప్పుడు పాకతా ఉండె అంటారు. ఏ ఏటి జాతర అంటే తల్లికీ నాయనమ్మకూ కౌంటర్ దగ్గరే గొడవ మొదలవుతుంది. ఒకే ఊళ్ళో, ఒకే తండ్రికి, ఒకే పేరుతో ఇద్దరు ఆడపిల్లలో ఇద్దరు మగపిల్లలో ఎందుకుంటారయ్యా అని పెద్దాయన అన్నాడట. అందరూ ఒప్పుకున్నారట. అక్కడ నేనుంటే అడ్డు చెప్పేవాణ్ణని గొప్పలు పోను. నా పేరు సంగతి ఆఫీసులో అప్పటిదాకా ఎవరికీ చెప్పుకోలేదు.

కౌంటర్లో ఆ నాలుగు మాటలూ కొడితే, వరస దొరికితే దుబాసీ దాన్ని తెస్తాడు, కొత్త వివరాలు దాని మీదే ఎక్కుతాయి. దొరక్కపోతే కొత్త వరస పుడుతుంది. కంప్యూటర్ తెర మీద ఒక చిన్న కెమెరా ఉండేది. బిడ్డ వచ్చిన ప్రతిసారీ ఫోటో తీసి పాతదాని స్థానంలో పెట్టేది. పిల్లలు ఎదుగుతారు కదా, ఇప్పటి మొహమే ఉండాలని అలా చేశారు.

ఒక రోజు పొద్దున కౌంటర్ అమ్మాయి ఫోన్ చేసింది.

"అన్నా, ఒకసారి వచ్చిపోన్నా. ఈడ ఒకామె ఫోటో కావాలంటా ఉండాది. ఏం ఫోటోనో నాకు అర్థం కాలా."

ఆటో ఎక్కి పోయాను. కౌంటర్ పక్కన ఒక ఆమె నిలబడి ఉంది, చేతిలో ప్లాస్టిక్ వైరు బుట్ట. పక్కన బడి యూనిఫాంలో ఒక చిన్నపిల్ల. వాళ్ళది నగరి. మొగుడూ పెళ్ళాలిద్దరూ మరమగ్గాల మీద కూలికి నేస్తారు. రోజంతా మగ్గాల చప్పుడులో మాట్లాడీ మాట్లాడీ ఆమెకు గొంతు పెద్దది. ఆమె చెప్పేది హాల్లో ఉన్నవాళ్ళందరికీ వినబడుతోంది.

"సామీ, మా పెద్దబిడ్డను ఈడ ఫోటో తీసినారు. ఈ టీవీ పైన గుడ్డు మాదిరి ఉండాది సూడు, దాంతో. అది ఒకటి ఇప్పించు."

"పెద్దమ్మాయి ఎక్కడుందమ్మా?"

"లేదు సామీ. ఈడనే పోయినాది, పైన వార్డులో. శానా దినాలాయె."

ఇన్నాళ్ళూ అడగలేదేమని నేను అడగబోయి ఆగాను. ఆమే చెప్పింది. అప్పుడు మాత్రం గొంతు తగ్గించింది.

"ఇన్ని దినాలూ మొగం గుర్తుండె. ఇప్పుడు మర్సిపోతా ఉండాను. మగ్గం కాడ నిలబడి తలుసుకుంటే సెవులు వస్తాయి, కమ్మలు వస్తాయి, మొగం రాదు. మా ఊర్లో ఫోటో పెద్దది సేసి అద్దం కట్టిస్తా ఉండారు. దానికి సిన్నదైనా ఒకటి ఉండాలంట. మాకు యాడుంది సామీ ఫోటో. ఈడ తీసింది ఒకటే."

బిడ్డ పేరు అడిగాను. ఆమె చెప్పింది. ఆ పేరు వినగానే పక్కనున్న పిల్ల, తనను పిలిచినట్టుగా తలెత్తింది.

నేను ఆ పిల్ల వైపు తిరిగాను.

"ఈ పిల్ల పేరేంటమ్మా?"

"అదే సామీ. మా అత్త పేరు. అది పోయినాక ఇది పుట్టె. పేరు పోగూడదని మా అత్తే పెట్టించె."

"ఈ పిల్లను ఎప్పుడైనా ఇక్కడికి తీసుకొచ్చారా?"

"తెస్తానే ఉంటి. జొరమొస్తే ఈడికే గదా."

కౌంటర్ అమ్మాయి అప్పటికే నాలుగు మాటలూ కొట్టేసింది. చేయి పట్టుకుని ఆపాలనిపించింది కానీ ఆపడానికి ఏం మిగిలి ఉంది. దుబాసీ పోయాడు, ఒక్క వరసే ఉంది, తెచ్చాడు. తెర మీద ఫోటో వచ్చింది. మూడు నాలుగేళ్ళ పిల్ల, పూల గౌను, జ్వరానికి వాడిన కళ్ళు.

తల్లి కౌంటర్ మీదికి వంగింది.

"ఇదే. ఇదే సామీ నా బిడ్డ."

తెర అద్దం మీద వేళ్ళు ఆనించి కళ్ళకద్దుకుంది. మళ్ళీ ఆనించింది. వెనక లైన్లో ఉన్న ఒక ముసలామె అయ్యో అంది. తల్లి ఎవరినీ పట్టించుకోలేదు. ముక్కు సూడు సామీ, గెడ్డం సూడు, ఇన్ని దినాలూ ఇది రాకనే గదా ఏడస్తా ఉంటి అని తనలో తనే అనుకుంటూ నవ్వింది కూడా.

పిల్ల మునివేళ్ళ మీద లేచి తెర చూసింది.

"మా, అది నేనే."

"నువ్వు కాదు, అక్క."

"నేనే మా. ఆ గౌను నాది. జొరమొచ్చినప్పుడు ఏసుకోనుంటి. ఇప్పుడు నువ్వు మగ్గం తుడస్తా ఉండావే, అది."

తల్లి వేళ్ళు అద్దం మీదే ఉండిపోయాయి. గౌను వైపు చూసింది. తర్వాత మొహం వైపు చూసింది. ఆ తర్వాత తన పక్కనున్న పిల్ల వైపు తిరిగి, దాని గెడ్డం పట్టుకుని పైకెత్తి, తెరనూ దాన్నీ మార్చి మార్చి చూసింది. బుట్ట కింద పెట్టి, ఉన్న చోటనే కూలబడింది.

నేను కౌంటర్ వెనక్కి పోయి ఆ వరస మొత్తం తెరిచాను. ఎవరో ఒక బిడ్డ వచ్చింది, బరువు రాసుకున్నారు, తర్వాతి సారికి అది సగానికి పడిపోయింది, అక్కడి నుంచి మళ్ళీ పెరుగుతూ పోయింది. ఇద్దరి బరువులూ ఒకే గీత మీద నడిచాయి. ఆ గీతను చూసి అనుమానపడే తీరిక ఎవరికీ ఉన్నట్టు లేదు. పెద్దది పోయినప్పుడు వార్డులో మరణం అని ఒక గుర్తు పెట్టి ఉండాలి. ఇప్పుడు అది లేదు.

కౌంటర్ అమ్మాయి నా పక్కన నిలబడి ఏడుస్తోంది.

"అన్నా, ఆ గుర్తు తీసింది నేనే. బిడ్డ నా ఎదురుగా నిలబడి ఉండాది, తెర మీద మరణం అని ఉండాది. వార్డోళ్ళు తప్పు నొక్కినారేమో అనుకున్నా. వాళ్ళమ్మకు సెప్తే బయపడుతుందని సెప్పలా. మంచి పనే సేసినానని అనుకున్నా అన్నా."

ఆ ఒక్క మాట ఆ రోజు తల్లికి చెప్పి ఉంటే సంగతి అక్కడే తేలిపోయేది. కానీ చెప్పకపోవడం కూడా ప్రేమతోనే. తిట్టడానికి ఒక్క మనిషైనా దొరికితే నాకు కొంచెం తేలికయ్యేది. దొరకలేదు. తల్లి దగ్గరికి పోయి, పాతవి వేరే చోట దాచి ఉంటాయి, వెతుకుతాను, మళ్ళీ వారం రండి అన్నాను. ఆమె లేచి, సరే నాయనా అంది. అంతవరకూ సామీ అన్న మనిషి అప్పుడు నాయనా అంది.

ఆఫీసుకు పోయి పెద్దాయనకు చెప్పాను. ఆయన అంతా విని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"పోయిన బిడ్డ పేరు మళ్ళీ ఎవరైనా పెట్టుకుంటారుటయ్యా? అశుభం కాదూ?"

"మా ఇంట్లో పెట్టుకున్నారండి. నాకే పెట్టారు," అన్నాను. గొంతు కొంచెం లేచినట్టే ఉంది.

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. చెడ్డవాడు కాదు. తర్వాత మెల్లగా, కీలోకి ఇంకో నంబరు చేర్చు, ఒకే పేరుతో ఎంతమంది వచ్చినా ఎవరి వరస వారికుండాలి, దొరికినవాళ్ళందరినీ కౌంటర్లో చూపించి ఎవరని అడగాలి అన్నాడు. ఆ పని నాకు ఒక్క పూట పట్టింది. పెద్ద విద్యేమీ కాదు. అందుకే నాకు ఇంకా మంటగా ఉండింది.

ఫోటో కోసం వెతకడం మాత్రం వారమంతా చేశాను. ఆసుపత్రి పట్టికలను సీడీల మీదికి ఎక్కించి ఇనుప బీరువాలో పెట్టేవాళ్ళం. అవి చెరిపి మళ్ళీ రాసుకునే రకం సీడీలు, ఉన్నవాటినే తిప్పి తిప్పి వాడేవాళ్ళం. వాటి మీద ఉన్నదంతా ఈమధ్యదే. అన్నిటికంటే అడుగున, మొదట్లో రాసి మరిచిపోయిన సీడీ ఒకటి దొరికింది, గీతలు పడి ఉంది. దాన్ని తుడిచి, రెండు మూడు డ్రైవుల్లో పెట్టి చూస్తే చివరికి తెరుచుకుంది.

అందులో పెద్దపిల్ల వరస ఉంది. అది ఒక్కతే ఉన్నప్పటి వరస. వచ్చిన తేదీ, బరువు, జ్వరం, డాక్టరు రాసిన రెండు ముక్కలు, మరణం అన్న గుర్తు. ఆ గుర్తు చూసి సంతోషం వేసిందంటే ఎవరైనా తిడతారు, కానీ వేసింది. ఆ పిల్ల ఉండేదని చెప్పే రుజువు నాకు అదొక్కటే దొరికింది. ఫోటో ఉండాల్సిన చోట ఫైలు పేరు మాత్రమే ఉంది. ఫోటోలు సీడీలో పట్టవని అప్పట్లో వాటిని ఎక్కించలేదు. ఫైలు పేరు కూడా ఆ నాలుగు మాటలే అతికించి పెట్టింది. ఇవాళ చెల్లెలి ఫోటో ఏ పేరుతో ఉందో సరిగ్గా అదే పేరు.

చెరిగిన ఫైళ్ళను తవ్వి తీసే ప్రోగ్రాము ఒకటి తెచ్చి ఆసుపత్రి కంప్యూటర్ మీద నడిపాను. పాడైపోయిన బొమ్మలు కొన్ని వచ్చాయి, అన్నీ ఎవరెవరివో. ఆ నాలుగు మాటల పేరుతో ఒక్కటే వచ్చింది. పై అంచు మాత్రం తెరుచుకుంది. కౌంటర్ వెనక గోడ, క్యాలెండరు మూల, ఒక పిల్ల నడినెత్తి, దాని మీద ఎర్ర రిబ్బను. కింద కళ్ళు ఉండాల్సిన చోటి నుంచి అంతా బూడిద రంగు.

నేను చెప్పినట్టే తల్లి మరుసటి వారం వచ్చింది, పిల్లను వెంటబెట్టుకుని. ఆ రిబ్బను బొమ్మ చూపించాను. ఒక్క క్షణం చూసి తల అడ్డంగా ఊపింది.

"కాదు నాయనా. ఈడికి తెచ్చినప్పుడు మా పెద్దదానికి గుండు. కొండకు ఇచ్చేసి వస్తా వస్తా జొరమొస్తే ఈడ దించినాం, తెచ్చింది ఆ ఒక్కసారే. ఇది ఈ సిన్నదాని రిబ్బనే."

ఇంక దొరకదని చెప్పాను. ఎంత వెతికానో చెప్పబోయి, అది ఆమెకెందుకని ఆపేశాను. ఆమె ఏడవలేదు. కొంచెంసేపు ఆ కెమెరా వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత, మొన్న సూపిచ్చిన ఫోటో ఒకసారి పెట్టు అంది. పెట్టాను.

"ఆ గౌను కనపడకుండా, మొగం మటుకు తీసిస్తావా నాయనా?"

నాకు అర్థమైంది. అయినా, ఎందుకమ్మా అన్నాను.

"అద్దం కట్టిస్తా. అక్కసెల్లెళ్ళు గదా, ఇదే మాదిరి ఉండె. ఏందో ఒక మొగం ఉండాల గదా."

వద్దని చెప్పడానికి నేనెవర్ని. మెడ దగ్గరికి కత్తిరించి, ఆసుపత్రి ప్రింటరులో ఒక కాగితం తీసి ఇచ్చాను. ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుని చూసుకుంటోంది. పిల్ల కూడా తల్లి మోచేతి కిందినుంచి దూరి చూసింది. దానికి మొదట సంబరంగానే ఉంది, తన ఫోటో కదా.

"పెద్దది సేపిస్తావా మా?"

"ఊ."

"యాడ పెడతావు?"

"జేజి పటాల కాడ."

జేజి అంటే దేవుడు. పిల్ల కాసేపు ఆలోచించింది.

"తాత ఫోటోకి ఏసినట్టు నా ఫోటోకి గూడా దండ ఏస్తావా?"

కౌంటర్ అమ్మాయి మొహం పక్కకు తిప్పుకుంది. తల్లి చేతిలో కాగితాన్ని నెమ్మదిగా బోర్లించి కౌంటర్ మీద పెట్టింది. పిల్ల నెత్తి మీద చేయి వేసి రెండు వైపులా నిమిరి, మెటికలు విరిచి దిష్టి తీసింది.

"వద్దులే నాయనా. నీకు శ్రమ ఇచ్చినాను," అంది. బుట్ట తీసుకుంది, పిల్ల చేయి పట్టుకుంది. ప్రింటు కాగితం అక్కడే ఉండిపోయింది. బతికున్న పిల్లది కదా, దాన్ని చించడానికి నాకు చేతులు రాలేదు. వాళ్ళు గేటు దాటి ఆటోల మధ్యలో కలిసిపోయేదాకా చూశాను. ఆమె మళ్ళీ ఫోటో అడగడానికి రాలేదు. పిల్లను మాత్రం తెస్తూనే ఉండేదట. కొత్త కీ వచ్చాక దాని పేరు కొడితే రెండు వరసలు కనిపించేవి, సీడీలోని పాత వరసను నేనే తిరిగి ఎక్కించాను. పెద్దదాని వరసలో ఫోటో చోటు ఖాళీ.

ఆ శనివారం సాయంత్రం బస్సెక్కి ఊరికి పోయాను. మామిడికాయల రోజులు. నాయన తోట దగ్గర ఉన్నాడు. అమ్మ వాకిట్లో కత్తిపీట వేసుకుని ఊరగాయకు ముక్కలు కొడుతోంది. నేను పక్కన కూర్చుని, కొట్టిన ముక్కల్లోంచి జీడి తీసి గుడ్డతో తుడుస్తున్నాను. ఎన్నాళ్ళనుంచో అడగనిది అప్పుడు అడిగాను.

"మా, అన్న ఎట్లుండేటోడు?"

అమ్మ కత్తి ఆపలేదు.

"ఎట్లుంటాడు, నీ మాదిరే."

ఈ జవాబు నాకు తెలుసు. ఎవరడిగినా ఇదే చెప్పేది.

"నా మాదిరంటే? ముక్కు ఎట్లుండె? కండ్లు?"

"నీ ముక్కే. నీ కండ్లే."

"నేను అప్పటికి పుట్టలేదు గదా మా. నేను పుట్టకముందు ఎట్లుండె?"

ఈసారి కత్తి ఆగింది. సగం కోసిన కాయ అట్లాగే చేతిలో పట్టుకుని అమ్మ వాకిలి వైపు చూసింది. వెతుకుతోందని నాకు తెలుస్తూనే ఉంది. అడక్కుండా ఉండాల్సింది అనిపించింది. నేను ముక్కలు తుడవడం మానేశాను.

"నువ్వు పుట్టినంక వాని మొగం రాలేదు నాయనా," అంది చివరికి. "వాణ్ణి తలుసుకుంటే నువ్వే వస్తా ఉండావు. ఎవురికి సెప్పుకునేది. మీ నాయనతో గూడా సెప్పలేదు."

నేను వాడి పేరు ఒక్కటే తీసుకున్నానని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఆ పేరు కూడా నేను అడగలేదని కోపం పెట్టుకున్నాను. అమ్మ కాయను కోయడం పూర్తి చేసింది. ముక్కలు గిన్నెలోకి తోసింది. ఇంకో కాయ తీసుకుంది. చీకటి పడుతోంది, లోపల లైటు వేద్దామని లేచాను.

గడప దగ్గర ఉండగా వెనకనుంచి అమ్మ పిలిచింది. సన్నగా, చివరి అక్షరం సాగదీసి.

నేను వెనక్కి తిరిగి, "ఏం మా," అన్నాను.